15 ఏళ్ల అబ్బాయికి విశ్వాసంతో పాటు వినయం ఎలా నేర్పాలి?

వందనాలండీ. మీ అబ్బాయి సండే స్కూల్లో ఎప్పుడూ ముందుంటాడనీ, ఈమధ్య మాత్రం చర్చికి రాని బంధువుల్నీ వేరే మతం స్నేహితుల్నీ చులకన చేసి మాట్లాడుతున్నాడనీ రాశారు. గట్టిగా మందలిస్తే అసలు విశ్వాసానికే దూరమవుతాడేమోనని మీ భయం. మా పెద్దవాడి విషయంలో నేనూ ఈ టెన్షన్ పడ్డాను.

మాది తిరుపతి. మే నెలలో ఇక్కడ గంగమ్మ జాతర. వారం రోజులు వీధుల్లో వేషాలు, ఇళ్లల్లో అంబలి, పొంగళ్లు. నాకు వెల్లూరు సీఎంసీలో ఆపరేషనై ఇంటికొచ్చాక పది రోజులు మాకు క్యారియర్ పంపిన పక్కింటి అక్క, ఆ ఏడాది జాతరకి చెంబుతో అంబలి తెచ్చింది. మావాడికి అప్పుడు 14. తలుపు సగమే తీసి, "విగ్రహాలకు పెట్టింది మేం ముట్టం ఆంటీ, పాపం" అని తలుపేసేశాడు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఆవిడ చెంబు మీద మూత సర్దుకుంటూ మెట్లు దిగుతోంది.

ఆ తర్వాత తప్పు నేను చేశాను. ఆదివారం ఆరాధన అయ్యాక యూత్ పిల్లలందరి ముందు వాణ్ణి నిలబెట్టి తిట్టాను. మూడు వారాలు కుటుంబ ప్రార్థనలో వాడు నోరు విప్పలేదు. వాక్యం చదవమంటే బైబిల్ నా చేతిలో పెట్టేసేవాడు. పిల్లలకు కోపం రేపవద్దని ఎఫెసీ 6:4లో ఉంది కదా. తండ్రులకు రాసిన మాటే అయినా నాకే తగిలింది.

ఒక రాత్రి వాడి మంచం పక్కన కింద కూర్చుని, "అందరి ముందు నిన్ను అవమానించాను నాయనా, తప్పు నాదే, క్షమించు" అన్నాను. "కానీ నువ్వు కూడా..." అని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత వాడే అడిగాడు: "అయితే ప్రసాదం తినమంటావా?"

తినమనలేదు. మా ఇంట్లో తినం, ఇప్పటికీ అంతే. ఇద్దరం 1 కొరింథీ 8 తీశాం. విగ్రహాలకు పెట్టినవాటి గురించి పౌలు మాట మొదలుపెడుతూనే జ్ఞానం ఉప్పొంగజేస్తుందనీ, ప్రేమ క్షేమాభివృద్ధి కలుగజేస్తుందనీ అంటాడు. మావాడికి నియమం కంఠతా వచ్చు, ఈ వాక్యం మీద మాత్రం ఎప్పుడూ ఆగలేదు. లూకా 18లో తన భక్తి గురించి తానే గొప్పలు చెప్పుకుంటూ ప్రార్థించిన పరిసయ్యుడూ, పాపినైన నన్ను కరుణించమని వేడుకున్న సుంకరీ (పన్నులు వసూలు చేసేవాడు) కథ కూడా చదివాం. అప్పుడు నేనేమీ వివరించలేదు. మీరూ వివరించకండి, ఈ వయసు పిల్లలకు మనం చెప్పకపోయినా అర్థమవుతుంది.

చెకప్‌కి వెల్లూరు వెళ్లినప్పుడు వాణ్ణి తీసుకెళ్లి ఐడా స్కడర్ గురించి చెప్పాను. మిషనరీ డాక్టరు కూతురు. ఈ సీఎంసీ ఆసుపత్రిని 1900లో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టింది ఆవిడే. వైద్యం కోసం వచ్చినవాళ్లలో ఎక్కువమంది చర్చి మనుషులు కారు.

ఇంకొకటి. మావాడు పాటల్లో, బైబిల్ క్విజ్‌లో ఫస్ట్. అవి మాన్పించొద్దు. అయితే ఎవరూ చప్పట్లు కొట్టని పని కూడా చేయించండి. మావాడు చర్చిలో అందరం కలిసి తినే ప్రేమ విందు అయ్యాక గంగాళాలు తోముతాడు. మొదట్లో గొణిగేవాడు. ప్రార్థనలో మా తప్పు మేమే, అమ్మానాన్నలం, ముందు చెప్పుకుంటాం. దీనివల్లే ఎక్కువ మార్పు వచ్చిందని నా నమ్మకం.

పోయిన క్రిస్మస్‌కి కేకు, కజ్జికాయలు డబ్బాలో పెట్టి పక్కింటికి ఎవరు వెళ్తారంటే వాడే లేచాడు. గంటసేపు రాలేదు. ఆవిణ్ణి క్షమించమన్నాడో లేదో నేను అడగలేదు. తిరిగొచ్చేటప్పుడు వాడి చేతిలో అదే డబ్బా, నిండా మురుకులు.