చిట్టికి పిన్ని ఉత్తరం: సీఎస్ (కంప్యూటర్ సైన్స్) మేజర్ సంగతి

చిట్టీ,

అమెరికాలో బర్కిలీ యూనివర్సిటీలో మ్యాథ్స్‌కి సీటొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. చాలా సంతోషం. వెనకనుంచి మీ నాన్న గొంతు కూడా వినిపించింది, "ఒక సెమిస్టర్ అయ్యాక కంప్యూటర్ సైన్స్‌లోకి మారిపోతుందిలే" అని. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

నేను 2017లో అక్కడే చేరినప్పుడు లెక్క సూటిగా ఉండేది. సీఎస్ 61ఏ, 61బీ, 70 అనే మూడు కోర్సులు లెటర్ గ్రేడ్‌తో పూర్తిచేసి, సగటున నాలుగుకి 3.3 తెచ్చుకుంటే మేజర్, అంటే డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు, సీఎస్ అని డిక్లేర్ చేసుకోవచ్చు. 2023 ఫాల్‌లో (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) చేరినవాళ్ల నుంచి పద్ధతి మారింది. ఇప్పుడు సీఎస్ సీటు అడ్మిషన్‌తోనే రావాలి. వేరే మేజర్‌లో చేరినవాళ్లు దరఖాస్తు పెట్టుకుని 'కాంప్రహెన్సివ్ రివ్యూ' (దరఖాస్తు మొత్తాన్ని చూసి ఎంపిక చేయడం) దాటాలి. ఉన్నవి కొద్ది సీట్లు, గ్రేడ్లు బాగున్నా ఖాయమని చెప్పలేం. మీ నాన్నకి ఈ ముక్క నువ్వే చెప్పు. నేను చెబితే పిల్లని భయపెడుతున్నానంటారు.

అందుకని మొదటి నెలలోనే అడ్వైజర్‌ని కలువు. నీ బ్యాచ్‌కి ఏ రూల్స్, గడువు ఎప్పుడు అని అడిగి, ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకో. సీనియర్లు చెప్పేవి వాళ్ల బ్యాచ్ రూల్స్. నేను చెప్పేవీ అంతే.

ఇక చదువు. ఫాల్‌లో 61ఏ ఒక్కటే తీసుకో, తోడుగా మ్యాథ్స్. అది పైథాన్‌లో ఉంటుంది. పరీక్షలో కాగితం మీద ఫ్రేములు గీస్తూ, ఏ పేరు ఏ విలువని చూపిస్తోందో బాణాలు వెయ్యాలి. కంప్యూటర్ ముందు బాగా రాసేవాళ్లు కూడా అక్కడ తడబడతారు. పాత పేపర్లు టైమ్ పెట్టుకుని చెయ్యి. 61బీ జావాలో ఉంటుంది. ప్రాజెక్టులు వారాలు మింగేస్తాయి, చివరి రాత్రికి వాయిదా వెయ్యకపోతే చాలు.

నన్ను ముంచబోయింది 70. డిస్క్రీట్ మ్యాథ్స్, ప్రాబబిలిటీ. ఇంటర్‌లో మ్యాథ్స్‌కి ఎప్పుడూ భయపడలేదు కదా అనుకుని, స్ప్రింగ్‌లో (జనవరిలో మొదలయ్యే సెమిస్టర్) 61బీతో కలిపి తీసుకున్నాను. ఇంటర్ 1ఏలో గణితానుగమనం గుర్తుందిగా? ఏడు మార్కుల ప్రశ్న. n=1కి చూపించు, kకి నిజమనుకో, k+1కి రాబట్టు. మూసలో పోసినట్టు రాసేవాళ్లం. ఇక్కడేమో 'మొదటి n బేసి సంఖ్యల మొత్తం ఖచ్చిత వర్గం అవుతుందని నిరూపించు' అని ఇచ్చారు. kకి ఏదో ఒక వర్గం అనుకుంటే k+1కి అడుగు ముందుకు పడదు. ఎందుకంటే ఏ వర్గమో తెలియదు. అది సరిగ్గా n వర్గమే అని, అడిగినదానికంటే పెద్ద మాట పట్టుకుంటే రెండు లైన్లలో తేలిపోతుంది. ఎక్కువ నిరూపించాలనుకుంటే పని తేలికవడమేమిటి? ఆ సంగతి నా బుర్రకెక్కేసరికి మిడ్‌టర్మ్ అయిపోయింది.

చివరికి 70లో బీ మైనస్. 61ఏలో ఏ మైనస్ ఉంది కాబట్టి, 61బీలో కూడా ఏ మైనస్ వస్తేనే 3.3 దాటుతాను. బీ ప్లస్ వచ్చినా గోవిందా. ఆ రెండు వారాల టెన్షన్ పగవాడికి కూడా వద్దు. వచ్చింది, గండం గడిచింది. నువ్వు మాత్రం ఆ రెండూ ఒకే సెమిస్టర్‌లో పెట్టుకోకు. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద సెమిస్టర్‌కి 12 యూనిట్లకి (కోర్సుల బరువు లెక్క) తగ్గకూడదు కాబట్టి, మధ్యలో ఒకటి వదిలేద్దామన్నా వీలుండకపోవచ్చు.

70కి ఇప్పటినుంచే ఒక అలవాటు చేసుకో. రోజుకొక నిరూపణ పూర్తి వాక్యాల్లో రాసి, మర్నాడు నువ్వే చదువు. 'స్పష్టంగా' అని రాసిన చోటల్లా ఆగి చూడు, సాధారణంగా తప్పు అక్కడే దాక్కుని ఉంటుంది. పెళ్లి సంబంధాలు కుదిర్చే లెక్క ఒకటి వస్తుంది, గేల్, షాప్లే 1962లో రాసింది. అడిగేవాళ్లకే మేలైన జోడీ దక్కుతుందని అందులో నిరూపిస్తారు. మీ అమ్మమ్మకి చెబితే "దీనికి యూనివర్సిటీ ఎందుకే" అంది.

ఇంకొకటి, ఎవరి కోడూ చూసి రాయకు. పోలికలు పట్టే 'మాస్' అనే సాఫ్ట్‌వేర్ 1994 నుంచీ ఉంది. వేరియబుల్ పేర్లు మారిస్తే దానికి ఏమీ కాదు. అర్థం కాకపోతే ఆఫీస్ అవర్స్‌లో, అంటే డౌట్లు తీర్చే టైమ్‌లో, వెళ్లి కూర్చో. ఇంగ్లీష్ తడబడుతుందని సిగ్గుపడి నేను నెల రోజులు వెళ్లలేదు.

మ్యాథ్స్ సీటుని వెయిటింగ్ రూమ్ అనుకోకు. రివ్యూలో రాకపోయినా ఆ డిగ్రీతో, ఈ మూడు కోర్సులతో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు నా టీమ్‌లోనే ఇద్దరున్నారు. సూట్‌కేస్‌లో పచ్చళ్ల పక్కన 1ఏ పుస్తకం కూడా పెట్టుకో. మొదటి సెక్షన్ (చిన్న బృందంతో జరిగే క్లాస్) అయిన రోజు ఫోన్ చెయ్యి, రాత్రి తొమ్మిది దాటాక. బాబు అప్పటికి పడుకుంటాడు.

పిన్ని