తొలి జీతంతో కొనబోయే చలువ కళ్ళద్దాల గురించి

చిరంజీవి స్రవంతికి మామయ్య ఆశీస్సులు.

తొలి జీతంతో డిజైనర్ చలువ కళ్ళద్దాలు కొనుక్కుంటావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. ఆబిడ్స్‌లో ముప్పై ఏళ్ళు కళ్ళజోళ్ళ దుకాణం నడిపినవాణ్ణి కనుక, నువ్వు షాపులో అడుగుపెట్టేలోపే ఈ ఉత్తరం అందాలని రాస్తున్నాను.

కాడ మీద మెరిసే పేరు చాలాసార్లు బట్టలూ సంచులూ అమ్మే సంస్థది. ఫ్రేము తయారుచేసేది వేరొకరు. లియొనార్డో దెల్ వెక్కియో 1961లో ఇటలీలోని అగోర్దో అనే కొండ ఊళ్ళో స్థాపించిన కళ్ళజోళ్ళ సంస్థ లక్సోటికా 1988లో ఫ్యాషన్ సంస్థ అర్మానీతో ఒప్పందం కుదుర్చుకుని ఆ పేరుతో ఫ్రేములు చేసింది, 1999లో చలువ కళ్ళద్దాల బ్రాండైన రేబాన్‌నే కొనేసింది. అందువల్ల రెండు పేర్ల మధ్య ధరలో పెద్ద తేడా కనిపిస్తే, ఆ తేడా అద్దంలో ఉందా, పేరులోనే ఉందా అని నిలదీసి అడుగు.

ఇక ఆకారం. 1937లో అమెరికా కళ్ళద్దాల సంస్థ బాష్ అండ్ లోంబ్ అమ్మకానికి తెచ్చిన ఏవియేటర్ అద్దం కన్నీటిచుక్కలా కిందికి జారి ఉండడం అలంకారం కోసం కాదు. విమానం నడిపేవాడు చూపు దించి మీటర్లను చూసినా కన్ను నీడలోనే ఉండాలని అలా చేశారు. నీ బుగ్గలు గుండ్రన కాబట్టి ఆ అంచు వాటికి ఆని, నవ్వినప్పుడల్లా ఫ్రేము పైకి లేస్తుంది. 1930లలో న్యూయార్క్‌లో డిజైనర్ ఆల్టినా షినాసి వెనిస్ ముసుగుల రూపం నుంచి తీసిన, కొసలు పైకి లేచిన పిల్లికన్ను ఫ్రేము నీకు నప్పుతుందని నా నమ్మకం. 1950లలో వచ్చిన మందపాటి ప్లాస్టిక్ వేఫేరర్ కూడా బాగానే ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యం అద్దం. నలుపు ఎక్కువైతే రక్షణ ఎక్కువనుకోవడం ప్రమాదం: చీకటికి కంటిపాప విచ్చుకుంటుంది, అద్దం అతినీలలోహిత (యూవీ) కిరణాలను ఆపకపోతే అవి మరింతగా లోపలికి చొరబడతాయి. దుకాణం పెట్టిన కొత్తలో ఒక టోకు వ్యాపారి అంటించిన స్టిక్కరును నమ్మి సరుకు అమ్మాను. తరువాత పరీక్ష యంత్రంలో పెట్టి చూస్తే కిరణాలు దర్జాగా దాటిపోతున్నాయి. కొన్నవారిని వెతికి డబ్బు తిరిగి ఇచ్చేవరకు నాకు నిద్ర పట్టలేదు. కాబట్టి యూవీ 400 (400 నానోమీటర్ల వరకు యూవీ కిరణాలను ఆపుతుందని అర్థం) అని రాసి ఉన్నా సరే, యంత్రంలో పెట్టి చూపించమను. అద్దం ఎంత ముదురో కేటగిరీ అంకె చెబుతుంది, మన ఎండకు మూడో కేటగిరీ సరిపోతుంది. నాలుగోది పెట్టుకుని బండి నడపకూడదు.

ట్యాంక్‌బండ్ మీద స్కూటరు నడిపేటప్పుడు హుస్సేన్‌సాగర్ నీళ్ళ మీది తళుకు కళ్ళలో కొడుతుంది కదా, దానికి ఆ తళుకును వడగట్టే పోలరైజ్డ్ అద్దం మంచి విరుగుడు. అయితే దానిలోంచి కొన్ని ఫోను తెరలు ఒక కోణంలో నల్లగా కనిపిస్తాయి, కంగారు పడకు.

అద్దాన్ని ట్యూబులైటు కింద పట్టుకుని మెల్లగా వంచు. పైన జారే వెలుగుగీత అలలా వణికితే ఆ జత వద్దు. కాడ లోపలివైపు 52, 18, 140 వంటి అంకెలు ఉంటాయి: అద్దం వెడల్పు, ముక్కు మీది ఎడం, కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. ఇప్పుడు వాడుతున్న కళ్ళజోడు అంకెలు చూసుకుని వెళ్ళు.

అసిటేట్ అనే ప్లాస్టిక్ ఫ్రేము కొంటే ఆదివారం ఇంటికి తీసుకురా. కాడలు వేడిచేసే యంత్రం ఇంకా నా దగ్గరే ఉంది. నీ చెవి వెనక వంపు నేనే సరిచేసి ఇస్తాను.

మీ మామయ్య