డేటాగ్రిడ్‌వ్యూలో టిక్ పెట్టగానే మొత్తం మారకపోతే

విండోస్ ఫార్మ్స్‌లో డేటాను పట్టికగా చూపే గ్రిడ్ డేటాగ్రిడ్‌వ్యూ. అందులో చెక్‌బాక్స్‌కి టిక్ పెట్టినా, మీ కోడ్ కట్టే మొత్తం (టోటల్) వెంటనే మారడం లేదా? మీ లెక్కలో తప్పు లేదు, సెల్ విలువ మారిందని చెప్పే సెల్‌వాల్యూచేంజ్డ్ ఈవెంటే ఆలస్యంగా వస్తోంది. టిక్ పెట్టగానే తెర మీద కనిపించేది ఇంకా ఎడిట్‌లో ఉన్న విలువ. వేరే సెల్‌కి వెళ్లేదాకా గ్రిడ్ దాన్ని ఖాయం చేయదు. అందుకే పక్క గడి నొక్కాకే మొత్తం మారుతోంది.

1. గ్రిడ్‌కి కరెంట్‌సెల్‌డర్టీస్టేట్‌చేంజ్డ్ హ్యాండ్లర్ పెట్టండి. సెల్‌లో ఇంకా ఖాయం కాని మార్పు రాగానే నడిచే కోడ్ ఇది.

2. అందులో రెండు షరతులు: ఈజ్‌కరెంట్‌సెల్‌డర్టీ ట్రూ కావాలి (అంటే ఖాయం కాని మార్పు ఉండాలి), కరెంట్‌సెల్ రకం డేటాగ్రిడ్‌వ్యూచెక్‌బాక్స్‌సెల్ కావాలి. రెండూ ఉంటేనే మార్పును ఖాయం చేసే కమిట్‌ఎడిట్ పిలవండి. దానికి ఇవ్వాల్సిన ఆర్గ్యుమెంట్ డేటాగ్రిడ్‌వ్యూడేటాఎర్రర్‌కాంటెక్స్ట్స్ డాట్ కమిట్.

ఆ రెండో షరతునే చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే టెక్స్ట్ కాలమ్‌లో మొదటి అక్షరం కొట్టగానే కమిట్ అయిపోతుంది. ధర 250 అని టైప్ చేస్తుంటే ముందు 2తోనే లెక్క నడుస్తుంది. అంకెల కాలమ్‌లో మైనస్ గుర్తుతో మొదలుపెడితే, అది ఒక్కటే సంఖ్య కాదు కాబట్టి డేటాఎర్రర్ కూడా వస్తుంది.

3. మొత్తం కట్టే కోడ్ సెల్‌వాల్యూచేంజ్డ్‌లోనే ఉండనివ్వండి. రోఇండెక్స్ (వరుస సంఖ్య) -1 వస్తే అది హెడర్, వెంటనే రిటర్న్ అవ్వండి.

కోడ్‌ని సెల్‌కంటెంట్‌క్లిక్‌లోకి (చెక్‌బాక్స్ నొక్కగానే వచ్చే ఈవెంట్) మార్చొద్దు, అక్కడ వాల్యూ ఇంకా పాతదే ఉంటుంది.

గ్రిడ్ డేటాటేబుల్‌కి (మెమరీలో ఉండే డేటా పట్టిక) బైండ్ అయి, మొత్తాన్ని ఆ టేబుల్ కంప్యూట్ మెథడ్‌తో తీస్తుంటే ఇది చాలదు. రో ఇంకా ఎడిట్‌లోనే ఉంటుంది కాబట్టి లెక్కకు ముందు, గ్రిడ్‌ని టేబుల్‌తో కలిపే బైండింగ్‌సోర్స్ మీద ఎండ్‌ఎడిట్ కూడా పిలవండి.