పది రోజుల క్యాంపు, దానికి ముందు మూడు నెలలు

ప్రశ్న: ఎలక్ట్రానిక్స్‌తో డిగ్రీ పూర్తిచేశాను. ఏడాదిన్నరగా ఒక సంస్థలో కంప్యూటర్లు, ప్రింటర్లు చూసే సపోర్ట్ విభాగంలో పనిచేస్తున్నాను. మా ఆఫీసులో ఐపీ ఫోన్ల (కంప్యూటర్ నెట్‌వర్క్ మీద పనిచేసే ఫోన్ల) బాధ్యత ఒక సీనియర్ ఇంజినీరుది. ఆయన పని దగ్గరుండి చూశాక నాకూ అటు వెళ్లాలనిపిస్తోంది. వాయిస్, డేటా నెట్‌వర్కింగ్ రెండింటికీ కలిపి 10 రోజుల ఇంటెన్సివ్ శిక్షణ ఇస్తామని ఒక ప్రకటన చూశాను. రోజుకు 12 గంటల క్లాసులు, చివరి రోజున అక్కడే సర్టిఫికేషన్ పరీక్ష. సెలవు పెట్టి చేరదామనుకుంటే, పది రోజుల్లో వచ్చిన చదువు పది రోజులకే పోతుందని నాన్నగారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చేరండి. అయితే ఈ నెలలో వద్దు, వచ్చే నెలలోనూ వద్దు. మూడు నెలలు ఆగి చేరండి. మీ నాన్నగారి భయానికి కూడా జవాబు ఆ మూడు నెలల్లోనే ఉంది.

ఇలాంటి క్యాంపులు ఎవరికి పనికొస్తాయో ముందు చూద్దాం. ఐదారేళ్లుగా రౌటర్లతో, స్విచ్‌లతో కుస్తీ పడుతున్న ఇంజినీరు ఒకరున్నారనుకోండి. కంపెనీ సర్టిఫికెట్ అడిగింది. ఆయనకు పని వచ్చు, పరీక్ష తీరు తెలియదు, చదవడానికి తీరిక లేదు. అలాంటి మనిషిని పది రోజులు ఫోను పక్కన పెట్టించి కూర్చోబెడితే, తలలో చెల్లాచెదురుగా పడి ఉన్న అనుభవమంతా ఒక వరసలోకి వస్తుంది. అదే గదిలో, అదే బెంచీ మీద కొత్తవారు కూర్చుంటే జరిగేది వేరు. మొదటి రోజు సబ్‌నెట్టింగ్, అంటే నెట్‌వర్క్ చిరునామాలను చిన్న భాగాలుగా విడగొట్టడం, సగం అర్థమవుతుంది. రెండో రోజు దాని మీద రౌటింగ్ (డేటాకు దారి చూపడం) నిలబెడతారు. నాలుగో రోజుకు శిక్షకుడు మాట్లాడే వాక్యాల్లో క్రియాపదాలు తప్ప మిగతావి అందవు. ఆరో రోజున వాయిస్ మొదలయ్యేసరికి కమాండ్లు చూసి రాసుకోవడమే మిగులుతుంది.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. కొన్నేళ్ల క్రితం నా సలహా మీదే ఒక కుర్రాడు అలాంటి క్యాంపుకు వెళ్లాడు. చురుకైనవాడు, జ్ఞాపకశక్తి బాగా ఉన్నవాడు. పరీక్ష కూడా పాసయ్యాడు. నెల తిరక్కుండా ఇంటర్వ్యూ వచ్చింది. ‘ఫోను మోగింది, ఎత్తారు. మీ మాట అవతలివారికి వినిపిస్తోంది, వాళ్ల మాట మీకు వినిపించడం లేదు. ఎక్కడి నుంచి చూడటం మొదలుపెడతారు?’ అని అడిగారట. వాడికి కమాండ్లు గుర్తొచ్చాయి కానీ ఏ కమాండ్ ఎందుకో గుర్తురాలేదు. ‘ఫోను రీస్టార్ట్ చేస్తాను’ అన్నాడు. అక్కడితో ఇంటర్వ్యూ అయిపోయింది. తప్పు వాడిది కాదు, తొందరపడి పంపిన నాది.

ఆ ప్రశ్నను మీరూ ఒకసారి నిదానంగా చూడండి. ఈ వృత్తి మొత్తం అందులో ఉంది. ఐపీ ఫోనులో ఒక కాల్ అంటే రెండు వేర్వేరు ప్రయాణాలు. ఫలానా నంబరును పిలవండి, మోగించండి, ఎత్తారు అని చెప్పుకునే కబురు ఒకటి. సిప్ లాంటి ప్రోటోకాల్ ఆ పని చూస్తుంది, సాధారణంగా ఆ కబురు సర్వర్ మీదుగా వెళ్తుంది. రెండోది అసలు మాట. అది ఆర్‌టీపీ అనే పద్ధతిలో ప్యాకెట్లుగా, అంటే చిన్న చిన్న డేటా ముక్కలుగా, చాలాసార్లు సర్వర్‌తో సంబంధం లేకుండా ఒక ఫోను నుంచి నేరుగా ఇంకో ఫోనుకు వెళ్తుంది. పైగా వెళ్లే మాటది ఒక ప్రవాహం, వచ్చే మాటది మరొకటి. అందుకే ఫోను చక్కగా మోగుతుంది, ఎత్తాక మాత్రం ఒకవైపే వినిపిస్తుంది. కారణం దాదాపు ఎప్పుడూ మూడింటిలో ఒకటి: ఆ దారిలో వెనక్కి రావడానికి రూటు లేకపోవడం, నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్ ఆ మాట వచ్చే యూడీపీ పోర్టులను (ద్వారాలను) ఆపేయడం, ‘నాకు రావాల్సిన మాట ఈ చిరునామాకు పంపండి’ అని ఫోను చెప్పిన చిరునామా నాట్‌కు (లోపలి చిరునామాలను బయటి చిరునామాగా మార్చే ఏర్పాటుకు) లోపలి ప్రైవేట్ చిరునామా కావడం. మూడింటిలో ఏ ఒక్కటీ ‘వాయిస్’ సమస్య కాదు, గమనించారా? అన్నీ మామూలు డేటా నెట్‌వర్కింగ్ సంగతులే. వాయిస్ ఇంజినీరు కావాలనుకునేవారు ముందు మంచి డేటా ఇంజినీరు కావాలని నేను పట్టుబట్టేది అందుకే.

ఇక ప్రకటన సంగతి. ‘వాయిస్, డేటా రెండింటికీ కలిపి’ అంటున్నారు. ఏ పరీక్షకో నంబరుతో సహా అడిగారా? ఒకప్పుడు నెట్‌వర్క్ పరికరాలు చేసే సిస్కో కంపెనీలో సీసీఎన్ఏ (వాళ్లిచ్చే అసోసియేట్ సర్టిఫికెట్) స్థాయిలోనే వాయిస్‌కు విడి సర్టిఫికెట్ ఉండేది. తర్వాత దాని స్థానంలో కొలాబరేషన్ పేరుతో మరొకటి వచ్చింది. 2020 ఫిబ్రవరిలో అలాంటి శాఖలన్నిటినీ తీసేసి 200-301 అనే ఒకే సీసీఎన్ఏ పరీక్ష పెట్టారు. అందులో వాయిస్ పాలు చాలా తక్కువ. వాయిస్ వీల్యాన్ (ఫోన్లకు విడిగా కేటాయించే నెట్‌వర్క్ భాగం), క్యూఓఎస్ (ఏ ప్యాకెట్లు ముందు వెళ్లాలో చెప్పే ఏర్పాటు) లాంటి ఒకటి రెండు చోట్ల తప్ప కనిపించదు. అసలు వాయిస్ చదువు పై మెట్టయిన సీసీఎన్పీ కొలాబరేషన్‌లో మొదలవుతుంది. దానికి 350-801 అనే కోర్ పరీక్ష, దానితోపాటు ఎంచుకున్న అంశంలో మరో పరీక్ష రాయాలి. సీసీఎన్ఏ లేకుండా నేరుగా అది రాయకూడదన్న నియమమేమీ లేదు. నియమం లేదు కదా అని మొదటి మెట్టు వదిలేయడం మాత్రం మీ స్థితిలో తెలివైన పని కాదు. ఇప్పటికీ ‘సీసీఎన్ఏ వాయిస్’ అని ప్రకటించే సంస్థ కనిపిస్తే, వాళ్లు బోర్డు మార్చుకోలేదా, పాఠాలే మార్చుకోలేదా అని ఆరా తీయండి.

కాబట్టి ఈ విడతలో మీ గురి సీసీఎన్ఏ మీద పెట్టుకోండి. పరీక్ష సమయం 120 నిమిషాలు, పాసైతే సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. ఆరు విభాగాల్లో అన్నిటికన్నా ఎక్కువ వాటా, 25 శాతం, ఐపీ కనెక్టివిటీది, అంటే ప్రధానంగా రౌటింగ్‌ది. ఒక ప్రశ్న దాటాక వెనక్కి వచ్చి దిద్దుకునే వీలు ఉండదు. మన పరీక్షల అలవాటుకు ఇది కొత్త, ముందే సాధన చేయండి.

మూడు నెలల్లో ఏం చేయాలి? మొదటి నెల పూర్తిగా సబ్‌నెట్టింగ్, వీల్యాన్లు, స్టాటిక్ రౌటింగ్ (దారులు మనమే రాయడం), ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారులు తామే తెలుసుకునే పద్ధతి). రోజుకు గంటన్నర చాలు, కానీ రోజూ. ఒక చిరునామా, దాని సబ్‌నెట్ మాస్క్ చూపిస్తే అది ఏ నెట్‌వర్క్‌లోదో అర నిమిషంలో, కాగితం లేకుండా చెప్పగలిగితే తప్ప రెండో నెలలోకి వెళ్లకండి. దీని గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు. విసుగొచ్చే పని, చేయక తప్పని పని.

రెండో నెల నుంచి సరదా మొదలవుతుంది. కంప్యూటర్ తెర మీదే నెట్‌వర్క్ కట్టి చూసుకునే సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో 2811 రౌటర్ ఒకటి, స్విచ్ ఒకటి, రెండు ఐపీ ఫోన్లు పెట్టి వాటి మధ్య మాట కలపండి. ఫోన్లకు వాయిస్ వీల్యాన్ ఇవ్వాలి, డీహెచ్‌సీపీతో చిరునామాలు వాటంతటవే అందేలా చూడాలి, ఫోను తన కాన్ఫిగరేషన్ ఎక్కడ తెచ్చుకోవాలో చెప్పే ఆప్షన్ 150 పెట్టాలి, రౌటర్ మీద టెలిఫోనీ సర్వీస్ ఆన్ చేసి నంబర్లు కేటాయించాలి. అంతా సరిగ్గా చేశాక కూడా ఫోను తెర చీకటిగానే ఉంటుంది. చాలామంది ఇక్కడ గంటల తరబడి కమాండ్లు తిరగరాస్తారు. ఆ బొమ్మ ఫోనుకు పవర్ అడాప్టర్ను మనమే లాగి తగిలించాలి! నవ్వొస్తుంది కానీ, బయట నిజమైన ఫోన్లతో జరిగేదీ ఇదే. స్విచ్ పోర్టు నుంచి కరెంటు అందుతోందా లేదా అన్నది ముందు చూసి, ఆ తర్వాతే పైవాటి జోలికి వెళ్లాలి.

మూడో నెలలో ఆస్టరిస్క్ అనే ఉచిత ఫోన్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పాత కంప్యూటర్‌లో ఎక్కించండి. రెండు మొబైళ్లలో సిప్ యాప్‌లు పెట్టుకుని ఒకదాని నుంచి ఇంకోదానికి కాల్ చేయండి. ఆ కాల్ సాగుతుండగా కంప్యూటర్‌లో, వచ్చిపోయే ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్ నడుస్తుండాలి. అందులో టెలిఫోనీ మెనూలోకి వెళ్తే మీరు చేసిన కాల్ బాణం గుర్తులతో నిచ్చెనలా గీసి కనిపిస్తుంది: ఇన్వైట్ వెళ్లింది, మోగుతోందన్న కబురు వచ్చింది, ఎత్తారు, పెట్టేశారు. మాట కూడా సర్వర్ మీదుగా వెళ్తున్నట్టయితే, గుప్తీకరణ లేకపోతే, మీ గొంతును మీరే వినవచ్చు. మొదటిసారి విన్నవారికి రెండు సంగతులు ఒకేసారి తడతాయి. మాట కూడా డేటాయేనన్నది ఒకటి, దానికి భద్రత ఎందుకు కావాలన్నది రెండోది.

క్యాంపుకు సిద్ధమయ్యారో లేదో తేల్చుకోవడానికి ఒక లెక్క ఇస్తాను. పాత టెలిఫోన్ పద్ధతిలో మాటను సెకనుకు 8000 సార్లు కొలిచి, ప్రతి కొలతను 8 బిట్లలో రాస్తారు. అంటే సెకనుకు 64 కిలోబిట్లు. దీన్నే జీ.711 అంటారు. దాన్ని 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి పంపితే ఒక్కో ప్యాకెట్‌లో 160 బైట్ల మాట ఉంటుంది. దాని పైన ఆర్‌టీపీకి 12, యూడీపీకి 8, ఐపీకి 20, మొత్తం 40 బైట్ల హెడర్లు. సెకనుకు అలాంటివి 50 ప్యాకెట్లు. అంటే ఈథర్‌నెట్ బరువు కలపకముందే 80 కిలోబిట్లు. ఇప్పుడు ఇదే లెక్క, మాటను బాగా కుదించి పంపే జీ.729కి మీరు వేయండి. అందులో మాట సెకనుకు 8 కిలోబిట్లే. లైను మీదకు వచ్చేసరికి 24 అవుతుంది. ఉత్తరం కన్నా కవరు రెండింతలు బరువు! ఎందుకలా అవుతుందో పుస్తకం చూడకుండా ఎదుటివారికి చెప్పగలిగిన రోజున క్యాంపు ఫారం నింపండి.

ఆ స్థితిలో వెళ్తే పది రోజులూ మీకు బాగా ఉపయోగపడతాయి. క్యూఓఎస్ పాఠంలో మాట ప్యాకెట్లకు 46 అనే డీఎస్‌సీపీ (ప్రాధాన్యం తెలిపే) గుర్తు వేయమన్నప్పుడు, ఎందుకు వేయాలో మీకు ముందే తెలిసి ఉంటుంది. ఫైలు ముక్క పోతే మళ్లీ తెప్పించుకోవచ్చు, నోట్లోంచి వచ్చిన మాట ఆలస్యంగా అందితే పనికిరాదు. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు మించకూడదని పెట్టుకున్న ప్రమాణం అప్పుడు బట్టీ పట్టాల్సిన అంకెగా అనిపించదు.

సంస్థను ఎంచుకునేటప్పుడు నేనైతే రెండే చూస్తాను. శిక్షకుడు బయట నెట్‌వర్కులు నడిపినవారా, క్లాసులు మాత్రమే నడిపినవారా? ఒక్కో విద్యార్థికి విడిగా ల్యాబ్ ఉందా, రాత్రి గది మూసేశాక కూడా అందులోకి వెళ్లే వీలుందా? భవనం ఎలా ఉంది, గోడ మీద ఎంతమంది ఫోటోలు అంటించారు అన్నవి వదిలేయండి. మొదటిసారి తప్పితే మళ్లీ క్లాసులో కూర్చోనిస్తారా అని అడిగి, ఆ మాట రాతలో తీసుకోండి. చివరి రోజునే పరీక్ష అన్న పద్ధతి నాకు నచ్చదు. పది రోజుల అలసట మీద రాసే కంటే, ఇంటికి వచ్చి రెండు రాత్రులు నిద్రపోయి, వారం రోజులు తప్పులు దిద్దుకుని రాయడం మేలు. ఆ తేదీ మార్చుకునే వీలుందేమో కనుక్కోండి.

‘అసలు ప్రశ్నలే ఇస్తాం, 100 శాతం పాస్’ అనేవారి గడప తొక్కకండి. డంప్స్ అని పిలిచే ఆ కాగితాలు దొంగసరుకు. పరీక్ష ముందు మీరు ఒప్పుకునే షరతులకు విరుద్ధం, బయటపడితే సర్టిఫికెట్ రద్దవుతుంది, మళ్లీ పరీక్ష రాయనివ్వకపోవచ్చు కూడా. అంతా సాఫీగా సాగినా, నేను చెప్పిన కుర్రాడి ఇంటర్వ్యూ లాంటిది మీ కోసం కాచుకుని ఉంటుంది.

అన్నీ క్లౌడ్‌లోకి పోతున్నాయి కదా, ఈ వాయిస్ పని మిగులుతుందా అని మీరు అడగలేదు కానీ నాన్నగారు అడుగుతారు. ఆఫీసు గదిలో ఫోన్ సర్వర్లు తగ్గుతున్న మాట నిజమే. వెబెక్స్ కాలింగ్, టీమ్స్ ఫోన్ లాంటివి ఆ చోటు తీసుకుంటున్నాయి. ఫోనుకు నంబరు ఇవ్వడం, పేరు మార్చడం మాత్రమే వచ్చినవారికి గిరాకీ తగ్గుతుంది. మాట మాత్రం ఇప్పటికీ మీ స్విచ్, మీ ఫైర్‌వాల్, మీ లింకు దాటే వెళ్లాలి. మరోవైపు పాత లైన్లను ఐపీకి మార్చే పని చాలా దేశాల్లో ఇంకా సాగుతోంది. బ్రిటన్‌లో పాత టెలిఫోన్ నెట్‌వర్కును మూసేయడానికి 2027 జనవరి గడువు పెట్టుకున్నారు. అలాంటి మార్పిడి జరిగే చోట రెండు వైపులా తెలిసినవారే కావాలి.

ఉద్యోగం వదలకండి, సెలవు కూడా ఇప్పుడే వాడేసుకోకండి. క్యాంపు కోసం దాచుకోండి. మీ ఆఫీసులో ఐపీ ఫోన్లు చూసే ఆ ఇంజినీరు గారి దగ్గరకు రేపే వెళ్లండి. మూలన పడేసిన పాత ఫోన్లు రెండు, ఒక స్విచ్ ఉంటే సాధన కోసం అడగండి. ఈసారి ఎవరైనా ‘మాట తెగిపోతోంది’ అని ఫిర్యాదు చేసినప్పుడు తనతో పాటు మిమ్మల్నీ తీసుకెళ్లమనండి. ఆయన మొదట ఏం చూశారో, తర్వాత ఏం చూశారో వరసగా రాసిపెట్టుకోండి.