వంగే ప్లాస్టిక్ బంపర్‌కి ఇంట్లో స్ప్రే పెయింట్ వేస్తే నిలుస్తుందా?

నిలుస్తుంది, కానీ చాలా బంపర్లకి ప్రైమర్‌ (పెయింట్ కింద వేసే తొలి పూత) కన్నా ముందు అడ్హీషన్ ప్రమోటర్ (పూత ప్లాస్టిక్‌కి పట్టేలా చేసే ద్రవం) పల్చగా ఒక కోటు పడాల్సిందే. వాటిలో ఎక్కువగా ఉండేది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. దాని మీద నీళ్లే సరిగ్గా పరుచుకోవు, ముత్యాల్లా జారిపోతాయి, ఇక పెయింట్ ఎలా పట్టుకుంటుంది? పైగా కొత్త భాగాల మీద అచ్చులోంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు మిగిలి ఉండొచ్చు. అందుకే ముందు సబ్బునీళ్లతో బాగా కడిగి, ఆరాక సన్న ఎమరీతో మెరుపు పోయేదాకా రుద్దాలి.

ఉదాహరణకు, బంపర్ లోపలివైపు ‘పీపీ’ (PP, అంటే పాలీప్రొపిలీన్) అనో ‘టీపీఓ’ (TPO, రబ్బరు గుణం కలిసిన అలాంటి ప్లాస్టిక్) అనో అచ్చు గుర్తు కనిపిస్తే ప్రమోటర్ మానకండి. ‘ఏబీఎస్’ (ABS, మరో రకం ప్లాస్టిక్) అయితే సాధారణంగా ప్లాస్టిక్ ప్రైమర్ చాలు.

మందంగా కొడితే గట్టిగా ఉంటుందనుకోవడం పొరపాటు. మందపు పొర లోపల సరిగ్గా ఆరదు, బంపర్ కాస్త వంగితే చాలు, పగుళ్లిస్తుంది. పెయింట్‌కి వంగే గుణమిచ్చే ఫ్లెక్స్ అడిటివ్ కలిపినా పెయింట్ వంగుతుందే తప్ప, దానివల్ల ప్లాస్టిక్‌కి అంటుకోదు.