నానో రేణువుకు మందు ఎక్కడ వదలాలో ఎలా తెలుస్తుంది?

దానికి తెలిసేదేమీ లేదు. చుట్టూ ఉన్న పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), వేడి మారితే ఆ రేణువులోని పాలిమర్ (పొడవాటి గొలుసు అణువుల పదార్థం) తీరు మారుతుంది, అంతే. గ్యాస్‌కి పరగడుపున వేసుకునే పాంటాప్రజోల్ మాత్ర మీది పూత దీనికి పాత చుట్టమే: కడుపులోని ఆమ్లంలో కరగదు, చిన్నపేగుకి చేరాక కరుగుతుంది. (అందుకే దాన్ని నమలొద్దంటారు.)

కేన్సర్ మందుల్లో ఈ లెక్క తిరగబడుతుంది, పులుపు ఉన్నచోటే మందు వదలాలి. రక్తం పీహెచ్ 7.4, కణితి చుట్టూ తరచుగా 6.5-6.9. ఇంత చిన్న తేడాని నమ్ముకోవడం కష్టం. అసలు అవకాశం కణం లోపలే ఉంది. కణం ఆ రేణువును మింగి ఎండోసోమ్ అనే సంచిలో పెడుతుంది, అక్కడ పీహెచ్ 5-6కి పడిపోతుంది. డాక్సోరుబిసిన్ అనే కేన్సర్ మందును పాలిమర్‌కి హైడ్రజోన్ అనే రసాయన బంధంతో కట్టారనుకోండి, రక్తంలో చాలావరకు నిలిచే ఆ ముడి ఈ పులుపులో విడిపోతుంది.

వేడికి స్పందించేవీ ఉన్నాయి. పీనిపామ్ అనే పాలిమర్ సుమారు 32 డిగ్రీల సెల్సియస్ దాటగానే ముడుచుకుని, పట్టి ఉంచిన నీటిని, దాంతోపాటు మందును వదిలేస్తుంది. మన ఒళ్లు 37 కదా, అందుకని వేరే మోనోమర్ (పాలిమర్ గొలుసులో ఒక్కో లంకె) కలిపి ఆ హద్దును పైకి జరుపుతారు.

చిక్కల్లా ముందు కణితిదాకా చేరడమే. ఎక్కించిన రేణువుల్లో చాలా భాగాన్ని దారిలోనే కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి.