నీళ్ళు తీశాక కూడా వీధి కలిసి ఉండాలంటే

ఖమ్మంలో మున్నేరు పక్కన ఉంటున్నామని, 2024 సెప్టెంబరు వరదలో ఒకరికొకరు అన్నం పెట్టుకున్న వీధిలో ఇప్పుడు పలకరింపులు కూడా తగ్గిపోయాయని రాశారు. ఆ కలివిడి నిలవాలంటే ఏం చేయాలి, అసలు దానివల్ల ఏమైనా మారుతుందా అని అడిగారు. అదే రోజుల్లో మా విజయవాడ సింగ్‌నగర్ మీదికి బుడమేరు వాగు వచ్చిపడిందండి. మా వీధిలో జరిగింది చెబుతాను, మీకు పనికొచ్చేది తీసుకోండి.

మేం మొదటి అంతస్తులో అద్దెకుంటాం. బుడమేరు మళ్ళింపు కాలువకు గండ్లు పడి సెప్టెంబరు 1న కింది వాటా మునిగిపోయింది. కిందివాళ్ళు, పక్క రేకుల ఇంటివాళ్ళు మా దగ్గరికే వచ్చారు. పడవలు మెయిన్ రోడ్డు దాకా వచ్చేవి, పొట్లాలు అక్కడే అయిపోయేవి. లోపలి వీధుల్లో ఉన్న మాకు దిక్కు మా గ్యాస్ బండ, డబ్బాలో ఉన్న బియ్యం. పై వాటా మామ్మగారు మొదటి పూట "వండింది ఎవరు?" అని అడిగి, తినకుండా పడుకున్నారు. మర్నాడు ఆవిడకు షుగర్ పడిపోయి చెమటలు పడుతుంటే, ఆ వండిన అమ్మాయే పంచదార నీళ్ళు తాగించింది. ఆ తర్వాత అందరితోపాటు అదే అన్నం తిన్నారు. ఇప్పుడు ఆ అమ్మాయి కనిపిస్తే ఆగి, పిల్లల గురించి అడుగుతారు. వంటింట్లోకి మాత్రం రానివ్వరు. వరద వల్ల మా వీధిలో కులం పోయిందని నేను చెప్పలేను.

మరి నిలిచింది ఏమిటంటే, ఎవరింట్లో ఎవరికి ఏ అవసరం ఉందో తెలుసుకోవడం. ముందు ఎవరిని ఎక్కించాలని పడవవాళ్ళు అడిగినప్పుడు, వెనక ఇంట్లో డయాలసిస్‌కి వెళ్ళే ఆయన ఉన్నారని చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. అందుకే నీళ్ళు తీశాక మా డ్వాక్రా సంఘం మీటింగులో ఒక నోటుపుస్తకం పెట్టాం. మంచం మీద ఉన్నవాళ్ళు, ఇన్సులిన్ వాడేవాళ్ళు, నెలలు నిండుతున్నవాళ్ళు, ఎవరి పై వాటాలో చోటుంది, వేరే ఊళ్ళో ఉన్న బంధువు ఫోన్ నంబరు ఏది, ఇవన్నీ రాశాం.

కానీ మళ్ళీ వరద వస్తేనే తెరిచే పుస్తకం వల్ల సంఘం బతకదు. మమ్మల్ని కలిపి ఉంచింది రోజువారీ పని. పక్షవాతం వచ్చిన తాతగారిని ఒక కోడలు ఒంటరిగా చూసుకుంటోంది. వంతులు వేసుకుని ఆయన దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాం, ఆ రెండు గంటలు ఆమె బయటికి వెళ్ళగలిగేలా. మొదట్లో వంతులన్నీ ఆడవాళ్ళవే. సేవ అంటే ఆడవాళ్ళ పని అని ఎవరూ అనరు గానీ, అందరూ అలాగే నడుచుకుంటారు. ఆయన్ని లేపాలంటే బలం కావాలి కదా అని మగవాళ్ళను పేరుపెట్టి పిలిచాం. ఇప్పుడు కింది వాటా ఆటో తమ్ముడు బండి తీసేముందు వచ్చి స్నానం చేయిస్తున్నాడు. మార్పు అంటే నేను దీన్నే అంటాను.

ఇంకో మాట. మనం ఒకరినొకరు చూసుకుంటున్నాం కదా అని ప్రభుత్వం బాధ్యత తప్పుకోకూడదు. కింది వాటాకు 25,000, పై అంతస్తులకు 10,000 రూపాయలు వరద సాయం ప్రకటించారు. ఆధార్‌లో వేరే ఊరి అడ్రసు ఉన్న కొంతమంది అద్దెవాళ్ళ పేర్లు మొదట లెక్కలోకి రాలేదు. ఒక్కొక్కరే వెళ్తే రేపు రమ్మన్నారు. సంఘమంతా కాగితాలు పట్టుకుని వెళ్తే కూర్చోబెట్టి మాట్లాడారు. కొందరికి వచ్చింది, కొందరికి ఇప్పటికీ రాలేదు. సైడు కాలువలో పూడిక తీయించమని సోమవారం అర్జీల రోజున కలెక్టరేట్‌కి వెళ్ళింది కూడా ఈ వంతులవాళ్ళమే.

నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి తెలిసే ఉంటుంది. అక్కడి ఆడవాళ్ళు 1990ల మొదట్లో చదవడం, రాయడం నేర్పే అక్షరదీపం తరగతులకు రోజూ వచ్చి కూర్చునేవారు. అలా కలుస్తుండబట్టే సారా గురించి మాట్లాడుకున్నారు, సారా అంగడి మూయించారు. ఆ పోరాటం జిల్లాలు దాటి పాకి, 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ జిల్లాలోనే పొదుపు సంఘాలూ పెరిగాయి. ముందు కలుసుకునే అలవాటు ఉండాలండి, పోరాడే సంగతి అక్కడే తేలుతుంది.

మీరు పెద్ద మీటింగుతో మొదలుపెట్టకండి. మీ వీధిలో జబ్బు మనిషిని ఒంటరిగా చూసుకుంటున్న ఒక ఇల్లు చూసుకోండి. "ఏమైనా సాయం కావాలా" అంటే ఎవరూ కావాలనరు. "గురువారం మధ్యాహ్నం నేను వచ్చి కూర్చుంటాను, మీరు బ్యాంకు పని చూసుకు రండి" అనండి. తోడుగా ఇంకో ఇద్దరిని కలుపుకోండి, వాళ్ళలో ఒక మగమనిషి తప్పకుండా ఉండాలి. పుస్తకం పెడితే జూన్‌లో వానలకు ముందే నంబర్లన్నీ ఒకసారి ఫోన్ చేసి సరిచూసుకోండి. జబ్బుల వివరాలు మాత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. మా దగ్గర పుస్తకం ఇద్దరి దగ్గరే ఉంటుంది, ఇష్టం లేదన్నవాళ్ళ పేరు రాయం.